రోజాల చల్లగది, మా మేనత్త

గత శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. ఆమెతో పాటే ఉండే మా తమ్ముడు ఏడు గంటలకు ఫోన్ చేశాడు. వాడి ఏడుపు వింటూ నేను అడిగిన మొదటి మాట ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. "చల్లగది తలుపు ఎవరైనా తెరిచారా?" అని అడిగాను. వాడు ఏడుపు ఆపి, "అక్కా, అత్త పోయిందని చెప్తాండా," అన్నాడు.

మారతహళ్ళి నుంచి మహదేవపురకు ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆ మాటే నన్ను పొడుస్తూ ఉంది. కన్నతల్లి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి పోతే అడగాల్సిన మాటేనా అది? కానీ ఏం చేయను, ఆ ఇంటి కింది భాగంలో ఉన్న చల్లగదిలో ఆదివారం పెళ్ళికి కావలసిన రోజాలు పదకొండు రోజులుగా ఉన్నాయి. రోజూ పొద్దున ఆరింటికి వాటిని చూసే మనిషి ఇక లేదు. ఆ రోజు ఆరింటికి ఆమె కిందికి దిగిందో లేదో, దిగితే తలుపు సరిగ్గా వేసిందో లేదో ఎవరికీ తెలియదు. ఏడుపు గొంతు దాకా వస్తుంది, అంతలో తలుపు గుర్తుకొస్తుంది. మహదేవపుర చేరేదాకా ఇదే వరస.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మా తాతల కాలం నుంచి మాది పాత బెంగళూరులో పూల వ్యాపారం. మల్లె, చేమంతి, కనకాంబరం, ఏ రోజు పువ్వు ఆ రోజే అమ్మేసి చేతులు దులుపుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. పాలీహౌసుల్లో పొడుగు కాడల డచ్ రోజాలు పండించడం మొదలయ్యాక, పువ్వును దాచి అమ్మడమేమిటని మావాళ్ళు ఎగతాళి చేశారు. మామయ్య పోయిన మరుసటి ఏడాది మా మేనత్త మహదేవపురలోని తన ఇంటి కింద ఒక చల్లగది కట్టించింది. ఆ వీధి వెనక ఇప్పుడన్నీ అద్దాల ఆఫీసులు. అప్పట్లో ఆమె కంప్రెసర్ చప్పుడు ఒక్కటే ఆ వీధికి కొత్త.

నేను పెళ్ళి మండపాలకు పూల అలంకారం చేస్తాను. ఆ పని నేర్చుకున్నది ఇతరుల దగ్గర, పువ్వును నేర్చుకున్నది ఆమె దగ్గర. ఆమెకు విడమరిచి చెప్పే అలవాటు లేదు. చేస్తూ ఉంటుంది, మనం చూసి నేర్చుకోవాలి. ఎందుకని అడిగితే, "సుమ్నె చూడు అమ్మణ్ణీ," అనేది. ఊరికే చూడమని.

అలా ఊరికే చూసి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. తోట నుంచి వచ్చిన రోజాలను వెంటనే కట్టకట్టి కాగితం చుట్టకూడదు. ముందు బకెట్లలో నిలబెట్టి, వాటిలోని ఎండ వేడి పూర్తిగా దిగేదాకా గదిలో ఉంచాలి. వేడి మీద చుడితే లోపల చెమట పడుతుంది, ఆ తడికి రేకుల మీద బూడిదరంగు బూజు వస్తుంది. కాడ చివర అంగుళం మేర ఏటవాలుగా, నీళ్ళలో ముంచే కోయాలి. బకెట్ నీళ్ళలో కొంచెం చక్కెర, చిటికెడు నిమ్మఉప్పు. గది మూల ఒక స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టేది. పొద్దున ఆ నీళ్ళ మీద మంచు పొర కనిపిస్తే చల్లదనం మితిమీరినట్టు. గోడకు మీటరు ఉండేది, కానీ దాని మాట ఆమె నమ్మేది కాదు.

అన్నిటికంటే కఠినమైనది తలుపు. రోజుకు రెండుసార్లే తెరవాలి. "పువ్వు నిద్రపోతాండాది. మాటిమాటికీ లేపి మళ్ళీ పడుకోమంటే పడుకుంటాదా?" అనేది. లోపలికి వెళ్ళేముందు ఏమేం చేయాలో బయటే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. మంకీ క్యాప్, పాత స్వెట్టర్, మేజోళ్ళు వేసుకుని వెళ్ళి, నిమిషాల్లో బయటికి వచ్చేది. వచ్చాక అయిదారుసార్లు తలుపు పిడి లాగి చూసేది. మేడ మెట్లు సగం ఎక్కి, మళ్ళీ దిగి వచ్చి ఇంకోసారి లాగేది. నేను నవ్వితే కోపం వచ్చేది. "బుగులు లేనోళ్ళు బంగారు అంగడి పెట్టుకోవల్ల. పువ్వు పెట్టుకున్నోళ్ళకు బుగులు ఉండల్ల," అనేది. నాకు పుట్టుకతోనే బుగులు, ఏమవుతుందోనన్న భయం, ఎక్కువ. ఇంట్లో అందరూ దాన్ని జబ్బు అనేవాళ్ళు. అది ఒక పనికి పనికొస్తుందని చెప్పిన మనిషి ఈమె ఒక్కతే.

అంత బుగులు ఉండి కూడా నేను ఒక పెద్ద తప్పు చేశాను.

కొన్నేళ్ళ కిందట ఆయుధపూజ ముందు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. చల్లగాలి తగలకూడదని డాక్టర్ చెప్పడంతో ఆ పదిరోజులు గది నా చేతికి వచ్చింది. అప్పుడు అందులో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే ఒకావిడ కూతురి పెళ్ళికి రోజాలు ఉన్నాయి. మీగడ తెలుపులో లేత నారింజ కలిసినట్టుండే రంగు. ఆ రంగు దొడ్డబళ్ళాపుర దగ్గర ఒకే ఒక్క పాలీహౌస్‌లో పూసేది. ఆ పూత అయిపోతే మళ్ళీ నెలన్నర ఆగాలి.

బెంగళూరులో ఆయుధపూజ అంటే మీకు తెలిసిందే. ఆటో నుంచి ఆఫీసు కంప్యూటర్ దాకా అన్నిటికీ బొట్టే. మా మేనత్త ఏటా కంప్రెసర్‌కు, బయటి తలుపుకు పసుపు కుంకుమ పెట్టి, గేటు ముందు గుమ్మడికాయ కొట్టి ముగించేది. గది లోపల ఏమీ చేసేది కాదు. ఓపిక లేక అనుకున్నాను నేను. ఆ ఏడాది ఆమె కళ్ళు బాగుపడాలని మొక్కుకుని, గది లోపలే ఘనంగా పూజ చేశాను. చల్లగాలి ఊదే ఫ్యాన్ కింద రెండు అరటి అత్తాలు, ఆపిల్ పండ్లు, జామపండ్లు పెట్టి, ఊదుబత్తీలు గుత్తిగా వెలిగించాను. పూజ చేసిన వస్తువును విజయదశమి దాకా కదపకూడదు కదా. పండ్లు అలాగే ఉంచి, తలుపు వేసి, పిడి పదిసార్లు లాగి చూసుకుని మరీ ఇంటికి వెళ్ళాను.

పండు పండేటప్పుడు ఒక గాలి వదులుతుంది. దాని సంగతి మన ముక్కుకు తెలియదు, పువ్వుకు తెలుస్తుంది. ఆ గాలి సోకితే పువ్వు తనకూ వయసు మీరిందనుకుని ఆకులూ రేకులూ వదిలేస్తుంది. ఊదుబత్తి పొగ కూడా అదే పని చేస్తుంది. ఇవన్నీ నాకు తెలిసింది పండుగ మరునాడు, తలుపు తీసి ఒక కట్టను ముట్టుకుంటే రేకులు జలజలా నా కాళ్ళ మీద రాలినప్పుడు. పెళ్ళికి ఇక ఒక్క రోజే ఉంది.

కబురు విని ఆమె తలకు తువ్వాలు చుట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మా తమ్ముడి భుజం పట్టుకుని దిగింది. వద్దంటే వినలేదు. ముందు పండ్లు బయట పడేయించింది. కళ్ళు సరిగ్గా ఆనక, ఒక్కొక్క మొగ్గనూ బొటనవేలితో నొక్కి, మెడ పట్టుకుని చూసి వేరు చేసింది. గట్టిగా ఉన్నవి ఇటు, మెత్తబడినవి అటు. మధ్యాహ్నానికి మూడో వంతు అటువైపు పడ్డాయి. నేను మెల్లగా, "వీటిని మండపం వెనకవైపు పెట్టి నీళ్ళు చల్లితే ఎవరికీ తెలియదు అత్తా," అన్నాను. ఆమె తమ్ముడి చేత పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేయించింది.

"అమ్మా, మా అమ్మణ్ణి పూజ చేసి పండ్లు లోపల పెట్టిసింది. పువ్వులో మూడో వంతు పోయింది. మిగిలిండేది నిలబడతాది. మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్తాము," అంది.

"దేవుడికి పెట్టిన పండ్ల వల్ల పూలు పాడయ్యాయా? జోకా అండీ ఇది?" అవతల ఆవిడ గొంతు గది బయటికి వినిపించింది.

"జోకు కాదమ్మా. పండు పక్కన పువ్వు బతకదు. ఆ పిల్లకు తెలీదు, నేను చెప్పింటే తెలిసేది."

ఆవిడ ఖాళీలు మల్లెతో నింపమంది. పెళ్ళి బాగానే జరిగింది. కానీ నేను మండపం దగ్గర తల ఎత్తలేకపోయాను. పెళ్ళివారిలో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. ఆ కోపమంతా మేనత్త మీదికి మళ్ళింది. "నా పేరు ఎందుకు చెప్పావు?" అని అడిగితే, "ఇంకెవరి పేరు చెప్పల్ల?" అంది. నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

ఆ నాలుగు నెలలకు ఇప్పుడు ఏడుస్తున్నాను.

చివరికి ఆమే ఫోన్ చేసింది. బతిమాలడం, మందలించడం ఏమీ లేదు. "పువ్వు వచ్చిండాది. నా చేతులు చాలడం లేదు. వస్తావా?" అంది. వెళ్ళాను. ఆ రోజు నుంచి పొద్దున గదిలోకి నన్నే పంపి, తను బయట నిలబడేది. నేను బయటికి రాగానే పరీక్ష రాసొచ్చిన పిల్లను తల్లి చూసినట్టు నా ముఖం చూసేది. ఎప్పుడో ఒకసారి ఆ ఫోన్ సంగతి మళ్ళీ ఎత్తాను. అప్పుడు ఇంత మాత్రం చెప్పింది: "ఆయమ్మ కూతురి పెళ్ళికి పువ్వు కోసం చూస్తాండాది. పువ్వుకు ఏమైందో ఆయమ్మకు తెలియల్ల. నీ మర్యాద, నా మర్యాద ఆయమ్మకు ఎందుకు?"

ఈ ఏడాది ఆ పెళ్ళికూతురి తల్లే రెండో కూతురి పెళ్ళికి మళ్ళీ వచ్చింది. అదే రంగు కావాలంది. ఈసారి ఎండలు ముందే ముదిరి, పూత ముందుగా వచ్చేసింది. కోయక తప్పలేదు. పెళ్ళి దాకా పదమూడు రోజులు నిలపాలి. అంతకుముందు మేము అన్ని రోజులు ఎప్పుడూ నిలపలేదు. మేనత్తకు అప్పటికే ఆయాసం. నాలుగు మెట్లు దిగితే కూర్చోవాలి. అయినా ఇన్ని రోజులూ దిగింది. గురువారం సాయంత్రం ఒక మొగ్గను చేతికి తెమ్మని, బొటనవేలితో నొక్కి, "ఇంకా మూడు దినాలు ఉంటాది," అంది. "నీకెట్లా ఉంది అత్తా?" అంటే, "పువ్వు కత ముగియనీ. నన్ను రేపు అడుగు," అంది.

ఆ రేపు శుక్రవారం.

నేను వెళ్ళేసరికి ఆమెను కింది వరండాలో పడుకోబెట్టారు, చల్లగదికి పది అడుగుల దూరంలో. తలుపు వేసే ఉంది. పిడి లాగి చూశాను. నలుగురి ముందూ ఆ పని చేశాను. వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె, "మైలలో పెళ్ళి పువ్వు ముట్టుకుంటావా?" అని కసిరింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతలో అత్తను ఉంచడానికి ఫ్రీజర్ పెట్టె తెచ్చినవాళ్ళు ప్లగ్ ఎక్కడ అని అడిగారు. కింద ఉన్న పెద్ద ప్లగ్ ఒక్కటే, అదీ చల్లగది లైనుది. పెట్టగానే కంప్రెసర్ చప్పుడు మూలుగులా మారింది. అందరూ అత్తను చూస్తుంటే నేను కంప్రెసర్‌ను వింటున్నాను. ఆమెకా, పువ్వుకా? అనుకోవడానికే భయమేసింది. పక్కింటివాళ్ళు తమ ఇంట్లోంచి వైరు లాగి ఇచ్చాక నా ఊపిరి తిరిగింది.

కానీ అసలు భయం అది కాదు. పువ్వు ఇప్పుడు చావింట్లో ఉంది. నాకూ మైల. ఇక్కణ్ణుంచి పెళ్ళి మండపానికి ఆ రోజాలు ఎలా వెళ్తాయి? చెప్పకపోతే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎవరికి తెలుస్తుంది? అలంకారం చేసే పనివాళ్ళు వేరే ఉన్నారు, నేను మండపంలోకి అడుగు పెట్టనక్కర్లేదు. చెబితే వద్దంటారు. ఆమె చివరి పదకొండు రోజులు చెత్తకుప్పలో పడతాయి. చెప్పకుండా పంపితే, రేపు ఆ పెళ్ళికూతురికి ఏ చిన్న కష్టం వచ్చినా, ఆ పూల వల్లేనని నేనే నా మనసులో అనుకుంటూ చావాలి. కంప్రెసర్ వెనక నిలబడి మూడుసార్లు నంబరు తీసి ఆపేశాను.

నాలుగోసారి చేశాను. "అమ్మా, మా మేనత్త పొద్దున పోయింది. మీ పువ్వు ఆ ఇంట్లోనే ఉంది. నేనూ మైలలో ఉన్నాను. పువ్వు బాగుందనే అనుకుంటున్నాను, ఈ రోజు ఇంకా చూడలేదు. మీరు వద్దంటే ఇప్పుడే చెప్పండి, వేరే పువ్వు కోసం తిరుగుతాను," అన్నాను. "అయ్యో," అని మాత్రం వినిపించి ఫోన్ కట్ అయింది.

తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. ఎవరు పలకరిస్తున్నారో, ఏం జవాబు చెప్తున్నానో తెలియలేదు. పన్నెండు దాటాక గేటు ముందు క్యాబ్ ఆగి ఆవిడే దిగింది. చెప్పులు విడిచి, అత్త పాదాల దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుంది. పెట్టె మీద బంతి, చేమంతి దండలు నిండి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి, నా వైపు తిరిగింది.

"ఒక్క రోజా కూడా లేదేంటమ్మా?"

"లోపల ఉన్నవన్నీ మీ ఆర్డర్ పువ్వే అమ్మా. ముట్టుకోలేదు."

ఆవిడ కళ్ళు నిండాయి. "నావే అయితే నేను ఇవ్వచ్చు కదా. తలుపు తియ్యి."

పెద్దమ్మ ఏదో అనబోయింది. "మా ఇంట్లో వాళ్ళకి నేను చెప్పుకుంటాను పెద్దమ్మగారూ. ఈవిడ నా దగ్గర ఎప్పుడూ ఏదీ దాచలేదు," అంది ఆవిడ. పెద్దమ్మ పక్కకు జరిగింది.

నేను తలుపు తీశాను. లోపలి చల్లదనం ముఖానికి తగలగానే, పొద్దుట నుంచి పట్టి ఉంచిన ఏడుపు బయటపడింది. ఏడుస్తూనే ఒక మొగ్గను బొటనవేలితో నొక్కాను. గట్టిగా ఉంది. ఇంకోటి నొక్కాను. అదీ గట్టిగా ఉంది. నేల మీద ఒక్క రేకు లేదు. ఆవిడ అయిదు కాడలు తీసుకుని, "మిగతావి ఆదివారం పొద్దున్న అయిదింటికల్లా మండపానికి వచ్చేయాలి. లేట్ చేయొద్దు," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తలుపు వేశాను.

సాయంత్రం నాలుగింటికి బండి కదిలింది. నేను వెనక అత్త పక్కనే కూర్చున్నాను. పెళ్ళికూతురి తల్లి పెట్టె తెరిపించి గుండె మీద పెట్టిన అయిదు మొగ్గలూ బయటి వేడికి చెమర్చి ఉన్నాయి. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి ఆగి ఆగి కదులుతుంటే, పై రేకు ఒకటి మెల్లగా వదులైంది, తర్వాత దాని పక్కది. అర్ధగంటలో వాటి లోపలి నారింజ రంగు కనబడింది. కిటికీలోంచి పడమటి ఎండ సూటిగా వాటి మీద పడుతోంది. మెడలు వాలిపోతాయేమోనని బుగులేసింది. నా పమిట చెంగు విప్పి అడ్డం పెట్టాను. "ఇంక వాటికేమక్కా," అన్నాడు తమ్ముడు. శ్మశానం గేటు వచ్చేదాకా నేను చెయ్యి దించలేదు.